తాయెత్తు ఉండనివ్వండి, కుర్రాణ్ని మాత్రం ఆడించకండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. నేను 31 ఏళ్ళు ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఎంవీపీ కాలనీలో ఉంటాను. దేవుణ్ణి నమ్మను. రగ్బీ అంటే ప్రాణం. ఇవన్నీ ముందే ఎందుకు చెబుతున్నానంటే, పదిహేడు రోజుల క్రితం ఆదివారం సాయంత్రం ఒక కుర్రాడి తలకు దెబ్బ తగిలింది. ఆ తర్వాత జరిగినవాటిలో ఈ మూడింటికీ పని పడింది. అప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు. మీ పత్రిక మా పేటలో చాలా ఇళ్ళకు వస్తుంది కాబట్టి మీకు రాస్తున్నాను.

మా ఇంటికి దగ్గర్లో ఒక మైదానం ఉంది. పొద్దున్న క్రికెట్, సాయంత్రం వాలీబాల్. ఆదివారాలు మాత్రం ఒక మూల పాతికమంది పిల్లలు రగ్బీ ఆడతారు. అటు పదిహేనుమంది, ఇటు పదిహేనుమంది కూడరు కాబట్టి ఏడుగురేసి ఆడుకుంటారు. గోల్ స్తంభాలు లేక వెదురు బొంగులు పాతుకున్నారు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది కాబట్టి ఎదురుగా ఉన్న టీ కొట్టాయన దీన్ని కోడిగుడ్డు ఆట అంటాడు. నేను మడత కుర్చీ తెచ్చుకుని గీత బయట కూర్చుంటాను. కొత్తగా వచ్చిన పిల్లల తల్లిదండ్రులు నన్నే అడుగుతుంటారు, ఇది కబడ్డీ లాంటిదా, అమెరికా ఆటా అని. బంతితో ముందుకు పరుగెత్తవచ్చు గానీ చేత్తో ముందుకు విసరకూడదు, వెనకవాడికే అందించాలి అని చెబితే ఆశ్చర్యపోతారు. వెనకున్నవాణ్ణి నమ్ముకుని ముందుకు వెళ్ళే ఆట అది. నాకు నచ్చిందీ అదే.

ఆ రోజు ఇంటర్ మొదటి సంవత్సరం చదివే ఒక కుర్రాడు ట్యాకిల్ చేయబోయి, అంటే బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేయబోయి, తల కిందకి పెట్టాడు. ఎదుటివాడి మోకాలు వాడి కణతకు తగిలింది. ఆ చప్పుడు నా కుర్చీ దాకా వినిపించింది. కాసేపు మోకాళ్ళ మీద ఉండిపోయి లేచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ చప్పట్లు తలచుకుంటే ఇప్పుడు బాధగా ఉంది. కోచ్ నీళ్ళు తాగించి, మెడ రాసి, "ఏం కాదురా, ఆడు" అన్నాడు. కోచ్ చెడ్డవాడు కాదు, పైసా తీసుకోకుండా నేర్పుతున్న మనిషి. కుర్రాడు మళ్ళీ వెళ్ళి నిలబడి పక్కవాణ్ణి "మనది ఎటు వైపు?" అని అడిగాడు. పిల్లలు నవ్వారు. మరో పది నిమిషాలు ఆడాడు. తర్వాత గీత దగ్గరికి వచ్చి వాంతి చేసుకున్నాడు.

"మనది ఎటు వైపు?" అన్నప్పుడే ఆట ఆపాల్సింది. తలకు దెబ్బ తగిలాక తికమకపడటం మెదడు అదిరిందనడానికి గుర్తు. ఇంగ్లీషులో కంకషన్ అంటారు. పుర్రె లోపల మెదడు కుదుపుకు గురవుతుంది. చాలామంది అనుకున్నట్టు స్పృహ తప్పనక్కర్లేదు, ఎక్కువమందికి స్పృహ పోదు కూడా. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, వెలుతురు భరించలేకపోవడం, అడిగిందే మళ్ళీ అడగడం, ఊరికే చిరాకు పడటం, మత్తుగా ఉండటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. ప్రపంచ రగ్బీ సంస్థ నియమం కూడా అదే. అనుమానం వస్తే చాలు, బయటికి తీసుకురావాలి. ఆ రోజు మళ్ళీ దింపకూడదు.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. సీటీ స్కాన్ తీశారు. ఏమీ లేదు, నార్మల్ అన్నారు. రెస్ట్ ఇవ్వండి, వాంతులు మళ్ళీ అయినా మత్తుగా పడి ఉన్నా వెంటనే తీసుకురండి అని డ్యూటీ డాక్టర్ చెప్పారు. అదంతా సరిగ్గానే జరిగింది. అసలు చిక్కు ఆ "నార్మల్" అనే మాటతో మొదలైంది.

ఎన్ని వేల ఫిల్ములు తీశానో నాకే లెక్క లేదు. ఆ అనుభవంతో చెబుతున్నాను. స్కాన్‌లో కనిపించేది నెత్తురు గడ్డకట్టడం, ఎముక చిట్లడం, మెదడు వాపు. కంకషన్ మామూలుగా స్కాన్‌లో కనిపించదు. అది మెదడు పని చేసే తీరులో వచ్చిన తేడా. ఫోన్ కింద పడ్డాక అద్దం పగలకపోయినా లోపల ఏదో తేడా చేయడం లేదూ, అలాంటిదే. స్కాన్ నార్మల్ అంటే ప్రాణం మీదికి రాలేదని అర్థం. దెబ్బే లేదని కాదు. ఈ ఒక్క ముక్క ఆ ఇంట్లో ఎవరికీ ఎవరూ విడమరిచి చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. వాళ్ళకు తెలుసులే అనుకున్నాను.

మూడో రోజుకి కుర్రాడికి తలనొప్పి ఎక్కువైంది. కిటికీ మూసేయమన్నాడు. పుస్తకం పట్టుకుంటే అక్షరాలు ఈదుతున్నాయన్నాడు. ఎప్పుడూ ఎదురు చెప్పనివాడు అమ్మ మీద కేకలేశాడట. స్కానులో ఏమీ లేదు, మనిషేమో ఇలా ఉన్నాడు. ఇక వాళ్ళ నాయనమ్మకు ఒకటే తోచింది, దిష్టి. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు కాబట్టి దిష్టి ఖాయమంది. మర్నాడు ఊరి బయట ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన 1,100 రూపాయలు పుచ్చుకుని తాయెత్తు కట్టి, ఇక భయం లేదు, ఆడుకోవచ్చు అని చెప్పాడు. గురువారం సాయంత్రం కుర్రాడు బూట్లు వేసుకుని మైదానానికి వచ్చాడు. టోర్నమెంట్ దగ్గర పడుతోందని ఆ వారం రోజూ ప్రాక్టీసు పెట్టారు. నేను గేటు దగ్గర అడ్డంగా నిలబడ్డాను. పదహారేళ్ళవాడు, నాకంటే పొడుగు. "తాతగారూ, బాగానే ఉన్నాను" అంటున్నాడు గానీ సాయంత్రం ఎండకే కళ్ళు చికిలించుకుంటున్నాడు.

2011లో ఉత్తర ఐర్లండ్‌లో ఒక బడి మ్యాచ్‌లో 14 ఏళ్ళ పిల్లాడికి తలకు దెబ్బ తగిలింది. చూశారు, మళ్ళీ ఆడించారు. అదే మ్యాచ్‌లో మళ్ళీ దెబ్బలు తగిలాయి. పడిపోయాడు, చనిపోయాడు. మొదటి దెబ్బ నుంచి మెదడు కోలుకోకముందే రెండోది తగలడం వల్ల ప్రాణం పోయిందని 2013లో విచారణలో తేలింది. ఆ పిల్లాడి సంగతి నేను చదివి చాలా ఏళ్ళయింది. ఆ గురువారం గేటు దగ్గర నాకు గుర్తొచ్చింది అదే.

ఆ రాత్రే వాళ్ళింటికి వెళ్ళాను. నాయనమ్మ నన్ను చూడగానే, "నీకేటి తెలుసు బాబూ, మా గుంటడి పరుగు చూసి అందరి కళ్ళూ పడ్డాయి" అంది. ఆమెకు నా సంగతి తెలుసు. కొత్త స్కూటర్‌ను సంపత్ వినాయకుడి గుడికి తీసుకెళ్ళని మనిషి అని పేటలో అందరికీ తెలుసు. నేను తాయెత్తు విప్పమనలేదు. కాకపోతే నా అభిప్రాయం దాచలేదు. "తాయెత్తుతో తల నయం కాదమ్మా. ఉంచుకుంటే ఉంచుకోండి. కానీ దెబ్బ తగిలిన రోజు నుంచి కనీసం 21 రోజులు మ్యాచ్ ఆడించకండి. ఆ తర్వాత కూడా డాక్టర్ సరేనంటేనే. మొదటి రెండు రోజులు రెస్ట్ ఇవ్వాల్సింది, అది ఎలాగూ జరగలేదు. ఇప్పటి నుంచైనా నడక, తర్వాత మెల్లగా పరుగు, తలనొప్పి వస్తే ఒక మెట్టు వెనక్కి" అని చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మనవడి వైపు తిరిగి, "41 రోజులు అయ్యప్ప మాల వేశావు కదరా, 21 ఓ లెక్కా? దీక్ష అనుకో" అంది.

నేను అననిమాట అది, అనలేని మాట కూడా. నా తోటి హేతువాద మిత్రుడొకాయన ఇది విని, మూఢనమ్మకాన్ని అలా వదిలేసి వస్తావా అని కోప్పడ్డాడు. ఆయన కోపం నాకు అర్థమవుతుంది. శాస్త్రీయ దృష్టిని పెంపొందించడం పౌరుడి ప్రాథమిక విధి అని మన రాజ్యాంగం 51ఎ అధికరణంలో ఉంది. 1976లో చేర్చారు. ఆ వాక్యాన్ని నేను గోడ మీద రాసి పెట్టుకున్నాను. కాలేజీ రోజుల్లో ఒక హేతువాద సభలో నిప్పుల మీద నడిచి చూపించాను. బొగ్గు వేడిని నెమ్మదిగా అందిస్తుంది, అడుగు చప్పున తీస్తే కాలదు, అందులో మహిమ లేదు. అయినా ఆ రాత్రి నా ముందున్నది వాదం గెలవడం కాదు. ఆ కుర్రాడు మళ్ళీ తల పెట్టకుండా ఆపడం.

రగ్బీ నాకు ఎలా అంటుకుందో చెప్పాలి. మా అన్నయ్య ఓడల్లో పనిచేసేవాడు. 1995లో డర్బన్ రేవు నుంచి ఒక వీడియో క్యాసెట్ తెచ్చాడు, ఆ ఏటి ప్రపంచ కప్ ఫైనల్. జోహన్నెస్‌బర్గ్‌లో దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్ మీద అదనపు సమయంలో 15-12తో గెలిచిన మ్యాచ్. అప్పటి దక్షిణాఫ్రికా అధ్యక్షుడు నెల్సన్ మండేలా తమ కెప్టెన్ వేసుకునే ఆరో నంబరు జెర్సీ తొడుక్కుని కప్పు అందించారు. తమను అణచివేసిన తెల్లవాళ్ళ ఆటగా నల్లవాళ్ళు అసహ్యించుకున్న ఆట జెర్సీని ఆయన ఒంటి మీద వేసుకున్నాడు. ఆ క్యాసెట్ టేపు నలిగిపోయేదాకా చూశాను.

2023 ఫైనల్ కూడా ఆ రెండు జట్లకే. ప్యారిస్‌లో రాత్రి తొమ్మిదికి అంటే మనకు అక్టోబరు 29, అర్ధరాత్రి దాటాక పన్నెండున్నర. ఆ రాత్రే చంద్రగ్రహణం. గుళ్ళు సాయంత్రమే మూశారు. మా ఆవిడ పెందలాడే భోజనం ముగించి పాలగిన్నె మీద, పచ్చడి జాడీల మీద దర్భలు వేసి పడుకుంది. ఆమె భక్తురాలు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడుస్తుంది. మర్నాడు ఆమె పాదాలకు నేను నొప్పి మందు రాస్తాను. నా మ్యాచ్‌లప్పుడు ఆమె ఫ్లాస్కులో టీ పోసి పెడుతుంది. ముప్పై మూడేళ్ళుగా మా ఇద్దరి మధ్య ఈ విషయంలో మాట పడలేదు. నేను ఉల్లిపాయలు తరిగి మురీ మిక్చర్ కలుపుకుని, కొడుకు తన ఫోన్‌ను టీవీకి కలిపి ఇస్తే చూస్తూ కూర్చున్నాను.

ఇరవై ఏడో నిమిషం. న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్ చేసిన ట్యాకిల్‌లో భుజం ఎదుటి ఆటగాడి తలకు తగిలింది. ముందు పసుపు కార్డు. వేరే చోట కూర్చున్న అధికారి వీడియోలో మళ్ళీ మళ్ళీ చూసి దాన్ని ఎర్ర కార్డు చేశాడు, అంటే ఇక ఆ మ్యాచ్‌లోకి తిరిగి రాకూడదు. పురుషుల ప్రపంచ కప్ ఫైనల్‌లో ఎర్ర కార్డు పడటం అదే మొదటిసారి. ఇంచుమించు అదే సమయానికి, ఒంటిగంటా ఐదు నిమిషాలకు, బయట గ్రహణం పట్టింది. సగం ఆట అయ్యాక మేడ మీదికి వెళ్ళి చూశాను. నడినెత్తి దాటి పడమటికి వాలిన చంద్రుడి అంచు కాస్త కొరికినట్టు ఉంది. తిన్నది నాకు అరిగింది, ఏమీ కాలేదు. కిందికి వచ్చేసరికి న్యూజిలాండ్ పద్నాలుగుమందితో పోరాడుతోంది. చివరికి 12-11. ఒక్క పాయింటుతో ఓడిపోయారు.

ఆ రాత్రి నుంచి నేను ఆలోచిస్తున్నది ఇదే. ప్రపంచ కప్ ఫైనల్ అయినా, కెప్టెన్ అయినా, కోట్లమంది చూస్తున్నా, తల దగ్గరికి వచ్చేసరికి ఆ ఆట రాజీ పడలేదు. పైగా రిఫరీ మైకులో తన కారణం అందరికీ వినపడేలా చెప్పాడు. రగ్బీలో రిఫరీ తీర్పు ఇచ్చి ఊరుకోడు, ఎందుకిచ్చాడో చెబుతాడు. సాక్ష్యం చూశాక తీర్పు మార్చుకుంటాడు, అందులో అతనికి నామోషీ లేదు. నా హేతువాదమూ అంతే. ఏం చూసి నమ్మావో చెప్పు, కొత్తది కనిపిస్తే మార్చుకో.

అందుకే నా ఆట పుట్టుక కథను కూడా నేను నమ్మను. 1823లో ఇంగ్లండ్‌లోని రగ్బీ స్కూల్లో విలియం వెబ్ ఎల్లిస్ అనే కుర్రాడు ఫుట్‌బాల్ ఆడుతూ బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తాడని, అలా ఈ ఆట పుట్టిందని అంటారు. ఆయన 1872లో చనిపోయారు. ఈ కథ మొదట అచ్చులో వచ్చింది 1876లో. చెప్పినాయన కళ్ళారా చూసినవాడు కాదు. 1895లో ఆ బడి పూర్వ విద్యార్థులు విచారించినా చూశామని చెప్పేవాళ్ళు దొరకలేదు. ప్రపంచ కప్పుకు మాత్రం ఆయన పేరే ఉంది. మన ఊళ్ళలో స్థలపురాణాలు లేవా, అలాంటిదే. కథ బాగుంటుంది, నేను కూడా పిల్లలకు చెబుతాను. చెప్పాక, దీనికి ఆధారం లేదురా అని కూడా చెబుతాను.

నాకు పూజలతో తగువు లేదు. 2016లో రియోలో ఫిజీ దేశం తన తొలి ఒలింపిక్ పతకాన్నే బంగారంగా గెలిచినప్పుడు ఆ ఆటగాళ్ళు గుండ్రంగా నిలబడి భక్తిగీతం పాడారు. నాకు కళ్ళు చెమర్చాయి. మా మైదానంలో కూడా టోర్నమెంట్‌కు ముందు కొబ్బరికాయ కొడతారు. కొట్టుకోనివ్వండి. కానీ ఆ రోజు కోచ్ సంచీలో మూడు కొబ్బరికాయలు, నిమ్మకాయలు, కర్పూరం ఉన్నాయి. ఐస్ లేదు. బ్యాండేజీ లేదు. ఆసుపత్రి నంబరు రాసిన కాగితం లేదు. నాకు కోపం వచ్చింది అక్కడ.

ఇంకో మాట. దిష్టి ఒక్కటే మూఢనమ్మకం కాదు. "మగాడివిరా, లే" అనేది అంతకంటే పెద్దది. నెత్తురు కారుతుంటే కూడా లేచి ఆడినవాణ్ణి వీరుడని నేనూ ఏళ్ళ తరబడి మెచ్చుకున్నాను. 2003లో ఇంగ్లండ్‌కు ప్రపంచ కప్ గెలిచిపెట్టిన జట్టులో స్టీవ్ థాంప్సన్ ఉన్నాడు. నలభై రెండేళ్ళకే మతిమరుపు జబ్బు వచ్చింది, ఆ కప్పు గెలిచిన రోజు తనకు గుర్తే లేదు అని 2020 డిసెంబరులో ఆయన చెప్పాడు. ఆ మ్యాచ్ నాకు గుర్తుంది. ఆడినవాడికి గుర్తు లేదు. అది చదివాక నేను మారాను. అంతగా మారానా అంటే, మొన్న చప్పట్లు కొట్టిన చేతులు ఇవే.

ఇదంతా చదివి ఎవరైనా ఈ ఆటే వద్దు, మనది కాని ఆట మనకెందుకు అంటారేమో. దయచేసి అనకండి. ఇంగ్లండ్, స్కాట్లండ్ ఏటా పోటీపడే కలకత్తా కప్పును 1878లో కలకత్తా క్లబ్బు మూతపడ్డప్పుడు దాని ఖాతాలో మిగిలిన 270 వెండి రూపాయలు కరిగించి చేశారు. పిడులు నాగుపాములు, మూత మీద ఏనుగు. మన రూపాయి వెండితో చేసిన కప్పు అది. పక్కనే భువనేశ్వర్‌లో గిరిజన పిల్లలు చదివే కళింగ సామాజిక శాస్త్రాల సంస్థ కుర్రాళ్ళు 2007లో లండన్‌లో 14 ఏళ్ళలోపు బడిపిల్లల అంతర్జాతీయ టోర్నమెంట్ గెలుచుకొచ్చారు. మన ఆడపిల్లలు 2019లో మనీలాలో సింగపూర్‌ను 21-19తో ఓడించారు, పదిహేనుమంది ఆటలో భారత మహిళల జట్టుకు అదే తొలి విజయం. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి భువనేశ్వర్‌లో దిగుతాం, అంత దగ్గర. మన పిల్లలు ఎందుకు ఆడకూడదు? ఆడాలి. నడుము కింద పట్టుకోవడం నేర్చుకుని, తల పక్కకు పెట్టడం నేర్చుకుని ఆడాలి.

మిమ్మల్ని నేను అడిగేది ఒకటే. కంకషన్ లక్షణాలను, అనుమానం వస్తే ఆ రోజుకు ఆట ఆపాలన్న నియమాన్ని, స్కాన్ నార్మల్ అయినా దెబ్బ ఉండవచ్చన్న సంగతిని మీ ఆటల పేజీలో తెలుగులో, పెద్ద అక్షరాలతో ఒక పెట్టె కట్టి అచ్చువేయండి. ఇది ఒక్క రగ్బీకే కాదు. కబడ్డీకి, ఫుట్‌బాల్‌కి, క్రికెట్ బంతి తలకు తగిలినవాడికి, బైకు మీద నుంచి పడ్డవాడికి కూడా పనికొస్తుంది. నేను ఇరవై కాపీలు కొని ఊళ్ళో మైదానాల గేట్లకు అంటిస్తాను. మా కోచ్ ఒప్పుకున్నాడు. ఇప్పటికే తన సంచీలో ఐస్ డబ్బా పెట్టుకున్నాడు.

కుర్రాడు నిన్న సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. తలనొప్పి తగ్గింది. లెక్కల పుస్తకం అరగంట చదవగలుగుతున్నాడు. తాయెత్తు చేతికే ఉంది. ఆదివారంతో 21 రోజులు నిండుతాయి. సోమవారం పొద్దున్న డాక్టర్‌కు చూపించడానికి నేనే తీసుకెళ్తున్నాను. నాయనమ్మ కూడా వస్తానంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఎక్స్‌రే టెక్నీషియన్,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం